జోలపాటలలో శోకచ్ఛాయ

శిశువు చెవిని బడు తొలి కవిత్వము జోలపాట. ఓనమాలు దిద్దకమునుపే, మాటయు నర్థమును వేర్వేరని తెలియకమునుపే, లయ, విరామము, పల్లవి యను మూడింటితోను బిడ్డకు చెలిమి కుదురును. మన బడిపండితులు పిల్లలకు గణవిభజనము నేర్పునప్పుడు, ఆ పిల్లలు లయను చీరయుయ్యెలలోనే నేర్చుకొని వచ్చినవారను సంగతి మరువరాదు. ఇట్టి పాటలను గూర్చి మనలో వ్యాసములు లేకపోలేదు. కాని వానిలో నొక ప్రశ్నకు దొరకవలసినంత చోటు దొరకలేదని నా యభిప్రాయము. మన జోలపాటలలోని మాటలు ఇంచుమించుగా నన్నియు మంగళకరములు. దీర్ఘాయువు, రాజ్యము, రత్నాల తొట్టెల, బంగరు గొలుసులు, దేవతల కాపు, ఇవియే వానిలోని వస్తువులు. అట్లయ్యు నా పాట విన్నవారి మనస్సు చెమర్చును. మాట మంగళమైనచో నీ విషాద మెక్కడనుండి వచ్చినది?

ఈ ప్రశ్న నాకు పుస్తకమువలన గలిగినది కాదు. గౌతమీవసిష్ఠల నడుమ నున్న కోనసీమలో మా చుట్టముల యింట నొక వానకాలపు రాత్రి బస చేసితిని. కరెంటు పోయినది. నడవలో దూలమునకు గట్టిన చీరయుయ్యెలలో మునిమనుమని బరుండబెట్టి, ఎనుబదేండ్లు దాటిన మామ్మగారొకరు చీకటిలో జోల పాడుచుండిరి. మాటలు నాకు తెలిసినవే. మా యింటను చిన్ననాట వినినవే. కొంతసేపటికి బిడ్డ నిద్రించెను. పాట మాత్ర మాగలేదు. ఊపు తగ్గినది, గొంతు తగ్గినది, కాని పాట మరి పావుగంటసేపు సాగినది. తెల్లవారిన పిదప నుండబట్టలేక యడిగితిని. ఆమె నవ్వి, “వాడికోసం పాడేది వాడు పడుకునేదాకానే బాబూ. ఆ తరవాతది నాకోసం” అనిరి. నే నీ వ్యాసమున జెప్పదలచినదంతయు నా మాటకు వ్యాఖ్యానమే.

ముందుగా పేళ్ల విషయము. జోల యనగా నిద్రపుచ్చు పాట. లాలి యనగా నూపుచు, ముద్దాడుచు, పొగడుచు బాడునది. ఉయ్యెలపాట యీ రెండింటికిని బొదుగుకొని యుండును. ఈ పాటలు కేవలము శిశువులవి మాత్రమే కావు. దేవాలయములలో పవళింపుసేవయందు దేవునికి లాలి పాడుదురు. తిరుమలలో నేకాంతసేవకు తాళ్లపాకవారి పాటయే జోల. అన్నమాచార్యుల (1408–1503) కాలమునకే యీ ప్రక్రియ దేవుని పడకటింటివరకు పోయినదన్నచో, పల్లెటింటి నడవలో నదెంత కాలమునుండి యున్నదో యూహింపవచ్చును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు, నివాళిపదములు మున్నగువాని నేకరువు పెట్టినాడు. లిఖితకవిత్వమున కావల పాటకవిత్వ మొకటి ప్రవహించుచుండెననుట కిదియే చాలిన సాక్ష్యము.

ఇక నింకొక భేదమును గుర్తింపవలసియున్నది. బారసాలనాడు పేరంటాండ్రు చుట్టును గూర్చుండి, పసుపు రాచి, బంతిపూలు కట్టిన యుయ్యెల నూపుచు బాడునది వేడుకపాట. అది పగటి పాట; పదిమంది వినదగినది. రాత్రి రెండవ జామున, ఇల్లంతయు మాటుమణిగిన పిదప, ఒక్క స్త్రీ యొక్క బిడ్డకు బాడునది వేరు. పాఠము రెంటను నొక్కటియే కావచ్చును. నేను విషాదమనునది యీ రెండవదానియందే వినబడును. అచ్చుపుస్తకములు పాఠమును మాత్రమే చూపును గనుక, వానిలో నీ రెండు పాటలు నొక్కటిగా గలిసిపోయినవి.

ఈ విషయమున నుత్తరైరోపాదేశముల పాటలతో మన పాటలను బోల్చి చూచిన గొంత వెలుగు కలుగును. స్వీడను, నార్వే, డెన్మార్కు, ఐస్లాండు దేశముల ప్రాతపాటలు లోకమున విషాదమాధుర్యమునకు బేరెన్నికగన్నవి. స్వీడనున గైయర్, అఫ్జేలియస్ అను నిద్దరు పండితులు 1814 మొదలు 1818 వరకు దేశీయగేయములను సంపుటములుగా బ్రకటించిరి. డెన్మార్కున గ్రుంట్విగ్ 1853లో నట్టి మహాసంగ్రహమునకు దొరకొనెను. అదే యేట నార్వేలో లాండ్‌స్టాడ్ అను మతాచార్యుడు తన సంపుటమును వెలువరించెను. ఆ పాటలలో మునిగిపోయిన యోడలు, నీటిరేనికి జిక్కిన కన్యలు, అక్కచేత జంపబడిన చెల్లెలు, ఆమె యెముకతో జేసిన వీణ తానై పలుకుట మున్నగు కథలు కలవు. జోలపాటలును వీనికి దూరములు కావు. ఐస్లాండున నేటికిని దల్లులు పాడు నొక ప్రసిద్ధమైన జోల, యోహాన్ సిగుర్యోన్‌సన్ అను నాటకకర్త 1911 ప్రాంతమున రచించినది. నాటకమున దానిని బాడు తల్లి, కొండలలో దాగియున్న నేరస్థురాలు. తరుముకొని వచ్చువారికి జిక్కకుండ దన చిన్నబిడ్డను జలపాతమున బడవేయును. ఈ కథ యెరిగియు నచటి తల్లులా పాటతోనే బిడ్డలను నిద్రపుచ్చుచున్నారు. మనవారు వినిన చెవులు మూసికొందురు.

ఇట్టి పాటలు పుట్టుటకు దీర్ఘమగు చలికాలపు రాత్రియు, మంచును, కటికచీకటియు గారణములని సామాన్యముగా జెప్పుదురు. నా కీ వాదము రుచింపదు. 1928లో స్పెయినుదేశపు కవి గార్సియా లోర్కా మాద్రిదులో జోలపాటలను గూర్చి ప్రసంగించుచు, ఎండ కాయు తన దేశమున దల్లులు మిక్కిలి దుఃఖకరమగు రాగముల నేరి పిల్లల తొలినిద్రకు వాడుదురేమని యాశ్చర్యపడెను. ఆయన చెప్పిన సమాధానము గమనింపదగినది: ఈ పాటలను బుట్టించినవారు పేదస్త్రీలు, వారికి బిడ్డ ముద్దు మాత్రమే కాదు, మోయలేని బరువు కూడ. కలవారి యిండ్లలోనికి నీ పాటలను గొనిపోయినవారును దాదులు, పనికత్తెలు. ఇక మన గోదావరీమండలమును జూడుడు. ఇచట మంచు లేదు. ధవళేశ్వరపు టానకట్ట 1852లో ముగిసినది మొదలు కాలువల వెంట పచ్చనిచేలు, కొబ్బరితోటలు. అయినను బాటలో నా నీడ యున్నది. కావున నీడకు గారణ మాకాశమున గాక యింటిలో వెదకవలయును.

ఇంటిలో వెదకినచో మొదట గానవచ్చునది మృత్యువు. స్వీడనుదేశమున జననమరణముల లెక్కలు 1749 మొదలు వ్రాసియుంచినారు. ఆ తొలినాళ్లలో బుట్టిన వేయిమంది శిశువులలో నించుమించు 200 మంది యేడాది నిండకమునుపే పోవుచుండిరి. మన దేశమున నిరువదవ శతాబ్ది తొలి దశకములలో సర్కారు లెక్కలు చూపిన సంఖ్యయు నట్టిదే. వేయింటికి 200 పైబడి. అనగా నైదుగురు బిడ్డల నూపిన తల్లి, వారిలో నొకరిని ఖాళీ యుయ్యెల చూచి తలచుకొనునది. ఒకే దుఃఖము, రెండు దేశములు. కాని యచ్చటి స్త్రీ దానిని మాటలలో బెట్టినది. ఇచ్చటి స్త్రీ మాటలనుండి వెలివేసినది. ఈ తేడాయే మన పాటల స్వభావమునకు గీలకమని నా నమ్మకము.

ఏల వెలివేసినది? ఉయ్యెలకడ నశుభము పలుకరాదు. మనలో నీ నియమమునకు శాస్త్రగ్రంథముల బలము కన్న భయము బలము హెచ్చు. పసిబిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, తుదిచెంబు నీరు చుట్టి పోయుచు “శ్రీరామరక్ష” యనకుండ నేతల్లియు విడువదు. బిడ్డ బాగున్నాడని యొరులన్నను దిష్టి తీయుదురు. ముందు బుట్టినవారు దక్కనియెడల, పుట్టిన బిడ్డను పెంటపై నుంచి తెచ్చికొని పెంటయ్య యనియు, ఎంగిలి విస్తరిలో నుంచి తెచ్చికొని పుల్లయ్య యనియు బేరు పెట్టుట మనలో బరిపాటి. మృత్యువును మోసగింప బేరునే దాచినవారు, పాటలో మృత్యువు పేరెత్తుదురా? కావున జోల యొక కోటగోడ వంటిది. లోపల మాటలన్నియు మంగళములే. దుఃఖము గోడవెలుపల నిలిచి రాగద్వారమున లోనికి వచ్చును.

రాగమని యంటిని. ఈ మాటను గొంచెము వివరింపవలయును. జోలలకు, లాలికి మన సంగీతజ్ఞులు నవరోజు, కురంజి, నీలాంబరి, ఆనందభైరవి మున్నగు రాగములను వాడుదురు. వీనిలో నవరోజు, కురంజి శంకరాభరణజన్యములు. శంకరాభరణపు స్వరములు పాశ్చాత్యులు సంతోషసూచకమని చెప్పు స్వరక్రమముతో సరిపోలును. ఉత్తరదేశపు పాటలలోని దుఃఖమును వారిలో ననేకులు స్వరక్రమభేదమునకే యారోపింతురు. ఆ లెక్కన మన నవరోజు నవ్వవలసినది. నవ్వదు. కారణ మాలోచింపగా రెండు సంగతులు తోచినవి. ఒకటి: ఈ రాగములు తారషడ్జమును ముట్టవు. మంద్రమునకు దిగి, మధ్యస్థాయిలో గొంతమేర తిరిగి, మరల దిగివచ్చును. గొంతెత్తిన బిడ్డ లేచునన్న ప్రయోజనదృష్టి దీనికి మొదటి కారణమై యుండవచ్చును. కాని మీది స్వరమును జేరబోయి చేరకయే మరలుట వినువాని మనస్సున నొక తీరని కోరికను మిగుల్చును. రెండవది: ఉయ్యెల నడక. చీరయుయ్యెల ముందునకు బోవునప్పు డొక సగము, వెనుకకు వచ్చునప్పు డొక సగము; పాదము నడుమ నెల్లప్పుడు నొక చిన్న యాగుదల. తుదనున్న “లాలి” లోని దీర్ఘము ఉయ్యెల వెనుకకు వచ్చునంతసేపును సాగును. అచట మాట లేదు, శ్వాస మాత్రమే యున్నది. మామ్మగారి పాటలో నన్ను గదలించినది యా దీర్ఘమే. లక్షణజ్ఞులు దానిని బూరణార్థక మందురు. పూరణమే, ఏమి పూరించుచున్నదన్నదే ప్రశ్న.

దుఃఖము దాగిన రెండవచోటు, బిడ్డకు బెట్టు పేరు. జోలలో బిడ్డ తన పేరిట పిలువబడుట యరుదు. మగబిడ్డ రాముడో, కృష్ణుడో యగును. ఇది పొగడ్త యని మనము తేలికగా ననుకొందుము. కాని యా పేళ్లు మోయు కథలను దలపుడు. రాముని నూచిన కౌసల్య పదునాలుగేండ్లు కొడుకును బాసినది, నడుమ మగనిని గోల్పోయినది. కృష్ణుని గన్న దేవకి చెరసాలలో గని, ఆ రాత్రియే యిచ్చివేసినది. ఊచి పెంచిన యశోద మథురకు బంపి మరల దనయింట జూడలేదు. అనగా నీ జోలలలోని తల్లు లందరును గొడుకును గోల్పోయిన తల్లులే. పాటలో వనవాసము రాదు, అక్రూరుని రథము రాదు. రానక్కర లేదు. పురాణకాలక్షేపములు వినుచు బెరిగిన స్త్రీ రాముని పేరెత్తిన తోడనే కథ తుదివరకు నెరుగును. చెప్పినదానిలో శుభమును, చెప్పనిదానిలో శోకమును నుంచిన యీ నేర్పును మన యాలంకారికులు చూచియుండిరేని ధ్వనికి గొత్త యుదాహరణము దొరకియుండును.

మూడవచోటు, పాడు మనిషి. ఎవరు పాడుదురు? తల్లి యని మన తొందరపాటు. బాలెంత పగలెల్ల నలసి పడుకొన్నది. లేదా వంటయింట నున్నది. రాత్రి యుయ్యెలత్రాడు పట్టుకొన్నది తరుచుగా నవ్వయో, మేనత్తయో, ఆ యింట నీడకు జేరిన యే దిక్కులేని చుట్టమో. వీరిలో ననేకులు బాలవితంతువులు. గోదావరీతీరమున నీ సంగతి నెత్తి చూపనక్కర లేదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీ. ఆ వివాహమునకు లేచిన యలజడినిబట్టియే అట్టివా రెంతమంది యిండ్లలో మూలల నుండిరో తెలియును. బారసాల పేరంటమున వితంతువున కడుగిడ దగదు. ఆమె పసుపు తాకరాదు, ఎదురు రారాదు. కాని పేరంటాండ్రు తాంబూలములతో వెడలిపోయి, దీపములు తగ్గిన పిదప, ఏడ్చు బిడ్డ నూరడించుట కామెయే కావలయును. పగటి పాటనుండి వెలివేయబడినది రాత్రి పాట కధికారిణి యయ్యెను. తనకు గలుగని బిడ్డకు, తన పేరు లేని వంశమునకు దీర్ఘాయు వాశాసించుచు నామె పాడినప్పుడు, ఆ మంగళవాక్యములే యెంత బరువెక్కునో! లోర్కా చెప్పిన దాదులకును మన మేనత్తలకును గొంత చుట్టరికము కలదు. మగడుండియు నొంటరియైన స్త్రీలును గలరు. కాకినాడ, కోరంగి రేవులనుండి రంగమునకు గూలికిబోయిన తెలుగువారు వేలకువేలు. ఆ దేశమున మనవారికి గోరంగీలనియే పేరు. 1942లో యుద్ధభయమున నడవుల వెంట నడచి వచ్చినవారు కొందరు, రానివారు కొందరు. నార్వే తీరమున నోడవాని భార్య పాడిన పాటలో సముద్రము వినబడును. మన తీరమున నుయ్యెలత్రాడు పట్టినదానికి సముద్రము తెలియును. పాటలో మాత్రము రాదు.

ఇంతవరకు మగబిడ్డ జోలను గూర్చి చెప్పితిని. ఆడుబిడ్డ జోల సంగతి వేరు. దాని కొక తరువాతిభాగము కలదు. అది పెండ్లిపందిరిలో బాడబడును. అప్పగింతలవేళ పెండ్లికూతురి చేతులను బాలలో ముంచి యత్తమామల చేతులలో నిడుచు బాడు పాటను వినినవారు, అది జోలతో నొక్క గొంతుక యని గుర్తింపకపోరు. అప్పుడును మాటలు మంగళములే, బుద్ధులు చెప్పుటయే: తెల్లవారకమునుపు లేవుము, గట్టిగా నవ్వకుము, ఎదురు చెప్పకుము. ఆ బుద్ధులు వినుచు బందిరిలోని వారందరు నేడ్తురు. నాడు వధువు వయస్సు పదియేండ్లకు లోపే. బాల్యవివాహనిరోధమునకు శారదా శాసనము వచ్చినది 1929లో. నిన్నమొన్నటివరకు జోల వినిన పిల్లకే నేడప్పగింత. మరియు మన పెండ్లిండ్లలో గొన్ని కుటుంబములవారు వధూవరులచేత చీరయుయ్యెలలో బొమ్మ నుంచి యూపించి జోల పాడించుట కలదు. అందరును నవ్వుదురు. అదే పందిరిలో గొంతసేపటికి నప్పగింతలు. నవ్వించిన యుయ్యెలపాటయు నేడిపించిన పాటయు నొక్క స్త్రీ గొంతునుండియే వచ్చుట నేను చూచితిని.

జోలపాట నిద్రకై యేర్పడినది. నిద్రయే కథావస్తువైన పెద్దపాట మన స్త్రీలకు గలదు; అది ఊర్మిళాదేవి నిద్ర. వాల్మీకమున నీ కథ లేదు. లక్ష్మణు డన్నవెంట నడవికి బోవగా, పదునాలుగేండ్లును నూర్మిళ యొక్క నిద్రగా బరుండినదనియు, అతని కునుకును గూడ నామెయే వహించినదనియు మన యిండ్లలో బాడుకొందురు. పట్టాభిషేకానంతరము సీతయే యీ చెల్లెలి సంగతి రామునకు జ్ఞాపకము చేయును. లక్ష్మణుడు గదిలోనికి బోగా, ఊర్మిళ కన్ను విచ్చియు విప్పకయే, ఎవరో పరపురుషుడు వచ్చెనని వణకి, పరస్త్రీని గోరి చెడినవారి గతు లేకరువు పెట్టి, తన తండ్రి వినిన నేమి, బావ వినిన నేమి యని భయపెట్టును. భర్తనే పరాయివాడని బెదరించు నీ ఘట్టము స్త్రీలపాటలలో నుత్తమమైనదని నే నెంచెదను. ఆమె తప్పేమి? పదునాలుగేండ్ల క్రిందట చూచిన మొగము. ఈ పాటకు హాస్యపుటనుబంధ మొకటి కలదు. లక్ష్మణదేవర నవ్వు అను పాటలో, నిద్రాదేవి గడువు దీరెనని కొలువులో దనకడకు రాగా లక్ష్మణుడు ఫక్కున నవ్వును. ఆ నవ్వు తనను జూచియే యని కొలువువారందరు నెవరి తప్పును వారు తలచుకొని తలలు వంచుకొందురు. నిద్రను గూర్చి యింత లోతుగా నాలోచించినవారు, రాత్రులు మేల్కొని యొరుల బిడ్డల నూచినవారు గాక మరెవ్వరు?

నార్వేదేశమున టెలిమార్క్ మండలమున స్వప్నగీతమని యొక ప్రాతపాట కలదు. ఓలావ్ ఓస్టేసన్ అనువాడు క్రిస్మసునాటి ముందురాత్రి పరుండి, పదుమూడవనాడు గాని మేల్కొనడు. లేచి దేవాలయద్వారమున గూర్చుండి, తాను నిద్రలో జూచిన పరలోకమును, పాపుల శిక్షలను జనులకు జెప్పును. ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినది. ఆమె యేమి కలగనెనో యెవ్వరు నడుగలేదు. పాటయు జెప్పలేదు. ఓలావు మేల్కొనగా నూరంతయు గూడినది. ఊర్మిళ మేల్కొనగా నత్తగారు తలంటి నీళ్లు పోసినది. ఈ రెంటిలో నేది గొప్ప యని నేను తీర్పు చెప్పను. కాని నాకు నిదుర పట్టని రాత్రులలో దలపునకు వచ్చునది యూర్మిళయే.

ఈ పాటలను సేకరించిన మహనీయుల ఋణము మనపై గలదు. బోయిల్ అను ఆంగ్లేయుడు 1874లోనే ఇండియన్ ఆంటిక్వెరీయందు తెలుగు కథాగేయములను గూర్చి వ్రాసినాడు. ఏలూరున నందిరాజు చలపతిరావుగారు స్త్రీలపాటలను ముద్రించిరి. మన మండలమువారే యైన చింతా దీక్షితులుగారు (1891–1960) పిల్లలపాటలను సాహిత్యగౌరవముతో జూచిన తొలివారిలో నొకరు. రాజమహేంద్రవరమున కంటియున్న కొంతమూరువారు నేదునూరి గంగాధరముగారు (1904–1970) జీవితమంతయు నీ కృషికే యర్పించి, మిన్నేరు, మున్నేరు, సెలయేరు మున్నగు సంపుటములను, స్త్రీల వ్రతకథలను, మేలుకొలుపులను వెలువరించిరి. ఊర్మిళాదేవి నిద్ర మొదలగు పాటలు కృష్ణశ్రీగారి సంపాదకత్వమున స్త్రీల రామాయణపు పాటలు అను పేర 1955లో వెలువడినవి. బిరుదురాజు రామరాజుగారి పరిశోధనగ్రంథము 1958లో వచ్చినది. వెల్చేరు నారాయణరావుగారు 1991లో నాంగ్లమున బ్రకటించిన వ్యాసమున, ఈ పాటలు యుద్ధమును దాటవేసి గర్భములు, వేవిళ్లు, పురుళ్లు, పెండ్లిండ్లు, ఇంటిలోపలి గదులు వీనిచుట్టును దిరుగునని చక్కగా నిరూపించిరి.

అయినను నొక లోపము చెప్పక తీరదు. మన సంపుటములలో బాఠమున్నది, వరుస లేదు. నార్వేలో లాండ్‌స్టాడ్ పుస్తకమునకు లిండెమాన్ అను సంగీతజ్ఞుడు సమకూర్చిన స్వరము లనుబంధముగా నచ్చుపడినవి. ఆ పాటలలో ననేకము సేకరించి యిచ్చినది ఓలేయా క్రోగర్ అను నొక యుపాధ్యాయిని. స్త్రీలయిండ్లలోనికి బోగలిగినది గనుకనే యామెకవి దొరకినవి. మన యొద్ద స్వరము లేకపోవుటయే కాక, పాఠమునకును జికిత్స జరిగినది. మనమే చేసితిమి, అనగా పండితులము. యతి కుదరలేదని యొక మాట మార్చుట, గ్రామ్యమని యొకటి దిద్దుట, పల్లవి ప్రతిపాదమునను నేలయని మొదటిచోట మాత్రముంచి తక్కినచోట్ల నెత్తివేయుట. పైని జెప్పిన ప్రకారము మంగళవాక్యము వెనుకనున్న దుఃఖమంతయు నా దీర్ఘములోను, ఆ పునరుక్తిలోను, ఆ యాగుదలలోను నున్నచో, మనము దిద్ది ముద్రించినది జోలపాటయొక్క పొట్టు మాత్రమే. చదివినవారు “ఇందులో నేమున్నది?” అన్నచో వారి తప్పు లేదు.

బడిపండితులకీ పని కష్టసాధ్యము కాదు. నేడు ప్రతివాని చేతిలోను ఫోను కలదు. లిండెమాను కొండలెక్కి చెవితో విని చేతితో వ్రాసికొనిన దానిని మనము నడవలో గూర్చుండి పట్టుకొనవచ్చును. కాని మాట దిద్దరాదు. పల్లవి యెన్నిమారులు వచ్చిన నన్నిమారులును వ్రాయవలయును. ఎవరు పాడినది, ఎవరికి, ఏ వేళ, బిడ్డ యెప్పుడు నిద్రించినది, తరువాత నేమి పాడినది యనునవి గుర్తింపవలయును. ఈ తుదిసంగతిని నేనే మొదట విడిచితిని.

ఏలయన, నేను మరల మామ్మగారి యింటికి బోయితిని. అప్పటికి మునిమనుమడు పెరిగి, తల్లిదండ్రులతో హైదరాబాదు చేరెను. ఉయ్యెల లేదు, దూలమునకు గొక్కెము మాత్రముండెను. పాడుడని ఫోను ముందుంచితిని. ఆమె రెండు పాదములు పాడి యాగిరి. మరల మొదలిడి మరల నాగిరి. “ఊపకపోతే మాట రాదు బాబూ” అనిరి. కోడలు ప్రాతచీర యొకటి తెచ్చి కొక్కెమునకు గట్టినది. లోపల నొక తలగడ నుంచినది. మామ్మగారు చీరయంచు పట్టుకొని యూపసాగిరి, కొక్కెము కిర్రుమన్నది, పాట తుదివరకు వచ్చినది. అంతయు పట్టుబడినదని ఫోను కట్టివేసితిని. ఆమె మాత్రము నన్ను జూడలేదు. తలగడ నూపుచునే యుండిరి.